తప్పిన సిట్టింగులు

2020 ఏప్రిల్ 6, సోమవారం సాయంత్రం కువైట్‌లో రెండు ప్రాంతాలను పూర్తిగా మూసేశారు. ఒకటి జిలీబ్ అల్ షుయూఖ్, రెండోది మహబూలా. రెండూ పనివాళ్ళు ఉండే పేటలే. జిలీబ్‌లోని అబ్బాసియా, హసావీ వీధుల్లో మన కడప, రాజంపేట, రాయచోటి వాళ్ళు, గోదావరి జిల్లాల వాళ్ళు ఎంతోమంది. గదికి ఆరుగురు, ఎనిమిదిమంది. కరోనా అలాంటి గదుల్లోకి దూరితే ఎవరి తరమూ కాదు కాబట్టి, మూయడాన్ని నేను తప్పుపట్టను. అయితే ఆ రాత్రి నేను పడుకోలేదు. నా దగ్గర కరెంటు పెట్టించుకుంటున్న పేషెంట్ల ఫైళ్ళు ముందేసుకుని, ఎవరి బతాకా (గుర్తింపు కార్డు) మీద జిలీబ్ అడ్రసు ఉందో వెతుకుతూ కూర్చున్నాను.

మా ప్రాంతంలో రేడియేషన్ చికిత్సను కరెంటు పెట్టడం అంటారు. నేను ఆ కరెంటు పెట్టే డాక్టర్ని. మాది ప్రొద్దుటూరు. కర్నూలు మెడికల్ కాలేజీలో చదివి, హైదరాబాదు రెడ్‌హిల్స్‌లోని ఎం.ఎన్.జె. క్యాన్సర్ ఆసుపత్రిలో రేడియోథెరపీ నేర్చుకున్నాను. ఇంటర్‌లో లెక్కలంటే పిచ్చి ఉండేది. డాక్టరయ్యాక ఆ పిచ్చి పోతుందని నాన్న అనుకున్నాడు, పోలేదు. ఎం.ఎన్.జె.లో ఉన్నప్పుడు దూరపు జిల్లాల నుంచి వచ్చిన పేషెంట్లు నాట్లకో, కోతలకో, పీర్ల పండక్కో మధ్యలో ఊరెళ్ళి వారం పది రోజులకు తిరిగొచ్చేవాళ్ళు. వాళ్ళకు తర్వాత ఏమవుతుందో చూస్తూ వచ్చాను. ఆ ఆగిన రోజులకు ఒక లెక్క ఉంటుంది కదా అన్న పట్టుదలే నా పరిశోధన అయింది. పగలు ఓపీ, యంత్రం, వార్డు. రాత్రి సమీకరణాలు, కంప్యూటర్ ప్రోగ్రాములు. కువైట్ వచ్చాక కూడా అదే బతుకు.

క్యాన్సర్ వైద్యంలో లెక్క కొత్తగా వచ్చింది కాదు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు నాయకత్వంలో లెడర్లీ ప్రయోగశాలలో తయారైన మందుతో సిడ్నీ ఫార్బర్ 1948లో పిల్లల రక్త క్యాన్సర్‌ను తాత్కాలికంగానైనా లొంగదీశాడు. తగ్గిన జబ్బు కొన్ని నెలలకే ఎందుకు తిరగబెడుతోందో అప్పట్లో అంతుపట్టలేదు. 1960లలో హోవర్డ్ స్కిప్పర్ ఎలుకల మీద ప్రయోగాలు చేసి దానికి లెక్క చెప్పాడు. మందు ప్రతిసారీ ఇన్ని కణాలని చంపదు, ఉన్నవాటిలో ఇంత భాగాన్ని చంపుతుంది. అంటే కంటికి కనపడనంత తగ్గిపోయినా పని పూర్తయినట్టు కాదు. తర్వాత లారీ నార్టన్ అనే డాక్టరు, రిచర్డ్ సైమన్ అనే గణాంకవేత్త కలిసి, కీమో డోసుల మధ్య ఎంత ఎడం ఉండాలో గడ్డ పెరిగే తీరును బట్టి చెప్పారు. నార్టన్ రొమ్ము క్యాన్సర్ పేషెంట్లను చూస్తూనే ఈ లెక్కలు వేసినవాడు. రెండు పనులూ ఒకే మనిషి చెయ్యొచ్చు అన్న ధైర్యం నాకు ఆయన్ను చదివాకే వచ్చింది.

రేడియేషన్‌లోనూ అంతే. ఒక గ్రాము గడ్డలో ఉజ్జాయింపుగా 100 కోట్ల కణాలు ఉంటాయి. ఒక సిట్టింగుకు, అంటే ఒకసారి కరెంటు పెడితే, సగం చస్తాయనుకుందాం. 100 కోట్లను 30 సార్లు సగం చేస్తూ పోతే చివరికి ఒకటి మిగులుతుంది. 20 సిట్టింగులకే గడ్డ కనపడదు, నొప్పి తగ్గుతుంది, మనిషి లేచి తిరుగుతాడు. లెక్కలో మాత్రం అప్పటికింకా వెయ్యి కణాలు బతికే ఉంటాయి. అసలు గడ్డ ఇంతకన్నా పెద్దది, కణాలన్నీ ఒక తీరుగా చావవు కాబట్టి లెక్క ఇంత తేలిక కాదు. పేషెంట్లకు చెప్పడానికి మాత్రం ఇది చాలు. నేను కాగితం మీద రాసి చూపిస్తాను.

దీనికి ఇంకో సగం ఉంది. 1988లో రాడ్నీ విదర్స్, ఆయన సహచరులు తల, మెడ భాగాల క్యాన్సర్ల ఫలితాలన్నీ పోగుచేసి చూస్తే, చికిత్స మొదలైన దాదాపు నాలుగు వారాల తర్వాత మిగిలిన కణాలు మునుపటికన్నా వేగంగా పెరగడం మొదలుపెడతాయని తేలింది. అక్కణ్ణుంచి ఒక్కో రోజు ఆలస్యం గడ్డకు లాభం. జాక్ ఫౌలర్, రోజర్ డేల్ లాంటి భౌతికశాస్త్రవేత్తలు దాన్ని సూత్రంగా మార్చారు. గొంతు క్యాన్సర్‌కు మామూలుగా రోజుకు 2 గ్రేల (గ్రే అంటే రేడియేషన్ మోతాదు కొలత) చొప్పున 35 సిట్టింగులు, మొత్తం 70 గ్రేలు, ఏడు వారాల్లో ఇస్తాం. ఆ సూత్రం ప్రకారం ఒక్క సిట్టింగు గడ్డ మీద చేసే పని విలువ 2.4. నాలుగు వారాలు దాటాక ఒక్క రోజు గడిస్తే పోయేది 0.9. వారం ఆలస్యమైతే 6.3 పోతుంది, అంటే రెండున్నర సిట్టింగులు పెట్టనట్టే. గడ్డ పూర్తిగా పోయే అవకాశం రోజుకు ఒక శాతం, అంతకు కాస్త పైన తగ్గుతుందని వేరే అధ్యయనాలూ చెప్పాయి.

జిలీబ్‌లో చిక్కుకున్న నా పేషెంట్లలో ఒకాయన రాజంపేట దగ్గరి పల్లెటూరివాడు. కంపెనీ డ్రైవరు. యాభై దాటిన మనిషి. చిన్నప్పటి నుంచి బీడీ అలవాటు. స్వరపేటిక పైన గడ్డ. మార్చి 8న కరెంటు మొదలుపెట్టాం. అప్పటికే కువైట్‌లో కరోనా కేసులు వస్తున్నాయి. మార్చి 13 నుంచి విమానాలు ఆగిపోయాయి, 22 నుంచి సాయంత్రం కర్ఫ్యూ. అయినా ఆయన ఒక్క రోజు తప్పలేదు. ఏప్రిల్ 6 మధ్యాహ్నం ఇరవై రెండో సిట్టింగు పెట్టించుకుని హసావీలోని గదికి వెళ్ళాడు. సాయంత్రం దారులు మూసుకున్నాయి.

అది సరిగ్గా అయిదో వారం. ఏ వారంలో ఆగకూడదో ఆ వారం.

మర్నాడు ఆయన గదిలో ఉండే కుర్రాడు ఫోను చేశాడు. "సార్, అన్నని బయటికి ఇడుస్తా లేరు. మీ లెటరు చూపించినా గూడా వెనక్కి పంపినారు" అన్నాడు. పక్కనే ఆయన దగ్గు వినబడుతోంది. గొంతు పుండైపోయి మాట రావడం లేదు. నేను అరబిక్‌లో ఇంకో లెటరు రాయించాను. స్టాంపు వేయించి ఫోటో పంపాను. గేటు దగ్గర ఆ రోజు డ్యూటీలో ఉన్నతను వాట్సాప్‌లో వచ్చిన కాగితం చెల్లదన్నాడు. అసలు కాగితం లోపలికి పంపే దారి లేదు. ఎవర్ని అడగాలో ఎవరికీ తెలియని రోజులవి. నిబంధన పెట్టినవాళ్ళకు రేడియేషన్ పేషెంట్ గుర్తుకురాలేదు, అంతే. నేను ఫోన్లు చేస్తూ పోయాను. ఒకరు ఇంకొకరి నంబరు ఇచ్చారు. ఆ ఇంకొకరు ఎత్తలేదు. రాత్రిళ్ళు మళ్ళీ లెక్క. ఇవాళ వదిలితే ఎలా సర్దాలి, రేపు వదిలితే ఎలా, ఎల్లుండైతే ఎలా. ప్రతి రాత్రీ ఆ పట్టికలో ఒక వరస కొట్టేసేవాణ్ణి.

లెక్క తెలియడం వల్ల నాకు ఊరట దొరకలేదు. తెలియని డాక్టరైతే "వారం ఆగితే ఏం కాదులే" అని పడుకునేవాడేమో. ఏం పోతోందో నాకు దశాంశ స్థానాలతో సహా తెలుసు.

ఏప్రిల్ 13న అంబులెన్సు అనుమతి దొరికింది. ఆయన్ను లోపలికి తీసుకొస్తుంటే గుర్తుపట్టలేకపోయాను. చొక్కా భుజాల మీంచి జారిపోతోంది. మెడ, ముఖం కదలకుండా బిగించే ప్లాస్టిక్ మాస్కు ఉంటుంది, జల్లెడలా చిల్లులున్న గట్టి ముసుగు. మొదటి రోజు ముఖానికి అతికినట్టు కూర్చున్న ఆ మాస్కులో ఇప్పుడు చెంప పక్కన నా వేలు దూరింది. మనిషి అంత చిక్కిపోయాడు. మాస్కు వదులైతే కిరణం పడాల్సిన చోట పడదు, వెన్నుపాము మీద పడొచ్చు. అప్పటికప్పుడు వేడి నీళ్ళలో కొత్త మాస్కు మెత్తబరిచి ముఖం మీద అచ్చు తీశాం. మళ్ళీ స్కాను చేశాం. మా ఫిజిసిస్టు కేరళ అతను. ఆ రాత్రి ఇంటికి పోకుండా ఆసుపత్రిలోనే కూర్చుని కొత్త ప్లాను చేశాడు.

మిగిలినవి పదమూడు సిట్టింగులు. రోజుకొకటి చొప్పున పెడితే ఏప్రిల్ 30కి అవుతాయి, వారం ఆలస్యం. పోయినదాన్ని చివర్లో అదనపు సిట్టింగులతో పూడ్చుదామంటే, ఆ అదనపు రోజులకూ గడ్డ పెరుగుతుంది. పైగా దవడ ఎముకకు, లాలాజల గ్రంథులకు అదనపు దెబ్బ. వాటికి ఆలస్యం వల్ల కలిసొచ్చేది ఏమీ ఉండదు. మిగిలిన దారి ఒకటే. ముందనుకున్న 23వ తేదీకే ముగించాలి. శుక్రవారం యంత్రం నడపడం కుదరదు. సెలవైనా శనివారం నడపడానికి టెక్నీషియన్లు ఒప్పుకున్నారు. అలా తొమ్మిది రోజులు చేతికొచ్చాయి. అందులో నాలుగు రోజులు పూటకొకటి చొప్పున రెండు సిట్టింగులు. రెండింటి మధ్య కనీసం ఆరు గంటలు ఉండాలి, లేకపోతే మంచి కణాలు కోలుకోవు. కర్ఫ్యూ సాయంత్రం అయిదుకు. పొద్దున ఏడున్నరకు ఒకటి, మధ్యాహ్నం రెండు లోపల ఇంకొకటి.

ఆ ఆరు గంటలు ఆయన కారిడార్ చివర ఒక ఖాళీ గదిలో ఉండేవాడు. మాస్కుల కొరత, మనిషికి మనిషి దూరం, తోడు ఎవర్నీ రానివ్వరు. కొట్టాయం నుంచి వచ్చిన ఒక సిస్టరు రెండు గంటలకోసారి ముక్కు గొట్టంలో పాలు, జావ పోసేది. నేను మధ్యలో వెళ్ళి, "ఏమన్నా, ఎట్లుంది?" అంటే చెయ్యి ఊపేవాడు. ఒక రోజు ఫోను తీసి తెలుగులో టైపు చేసి నాకు చూపించాడు. "నేను రాకపోయిన దినాల్లో గూడా అది పెరగతానే ఉండె గదా సార్" అని ఉంది. అవునన్నాను. మొదట్లో కాగితం మీద రాసి చూపించిన 100 కోట్ల లెక్క ఆయనకు గుర్తుంది. మళ్ళీ టైపు చేశాడు. "అయితే ఈ పొద్దు రెండు పెట్టేయండి."

ఏప్రిల్ 23, గురువారం ముప్ఫై అయిదోది అయిపోయింది. మర్నాడే రంజాన్ మొదలు. గదికి పంపకుండా ఇంకొన్ని రోజులు వార్డులోనే ఉంచుకున్నాం. రెండేళ్ళ తర్వాత కూడా ఆయన గొంతులో గడ్డ ఆనవాలు లేదు. కారం తినలేడు, మాట బొంగురు. మళ్ళీ బండి నడుపుతున్నాడు.

ఆ ఏప్రిల్ చివర్లోనే ఒక మంచి కబురు వచ్చింది. బ్రిటన్‌లో 4,096 మంది రొమ్ము క్యాన్సర్ పేషెంట్ల మీద చేసిన ఫాస్ట్-ఫార్వర్డ్ పరిశోధన ఫలితాలు ఏప్రిల్ 28న లాన్సెట్‌లో వచ్చాయి. మూడు వారాల్లో 15 సిట్టింగులుగా 40 గ్రేలు ఇచ్చే బదులు, ఒకే వారంలో 5 సిట్టింగులుగా 26 గ్రేలు ఇచ్చినా ఫలితం తగ్గలేదు. అయిదేళ్ళకు అదే రొమ్ములో జబ్బు తిరిగొచ్చినవాళ్ళు మొదటి పద్ధతిలో 2.1 శాతం, రెండో పద్ధతిలో 1.4 శాతం. అయిదు రోజులకు ఎంత మోతాదు సరిపోతుందో వాళ్ళకు గాలిలోంచి దొరకలేదు. ముందరి పరిశోధనల నుంచి పైన చెప్పిన సూత్రంతోనే లెక్కగట్టారు. నేను దగ్గర పెట్టుకుని ఇరవై ఏళ్ళు దిద్దుకున్న సూత్రం కర్ఫ్యూ రోజుల్లో ఇలా అక్కరకొచ్చింది.

అప్పుడు నా దగ్గర పాలకొల్లు వైపు నుంచి వచ్చిన ఒక ఆమె ఉంది. జాబ్రియాలో ఒక కువైటీ ఇంట్లో పని. రొమ్ము క్యాన్సర్‌కు ఆపరేషన్ అయిపోయింది, కరెంటు మొదలుపెట్టాలి. అయిదు సిట్టింగులు చాలని చెప్పాను. ఆమె ముఖం మాడిపోయింది. "అయిదే ఏంటండీ డాక్టరుగారూ? పక్కింటావిడకి నెలరోజులు పెట్టారండి. పనిమనిషినని తక్కువ పెట్టి పంపేస్తున్నారా?" అంది.

ఆ మాటకు నాకు కోపం రాలేదు. ఈ దేశంలో ఆమెకు ప్రతిదీ తక్కువే ఇస్తూ వచ్చారు. అందుకే అలా అడిగింది. కూర్చోబెట్టి, రోజువారీ మోతాదు పెంచుతున్నామని, అదే వారం అదే యంత్రం మీద ఇద్దరు కువైటీ ఆడవాళ్ళకు కూడా అయిదే పెడుతున్నామని చెప్పాను. ఆమె నమ్మిందో లేదో తెలియదు గానీ వచ్చింది. ఆ ఇంటి మామా (యజమానురాలు) తనే కారు నడుపుకుంటూ రోజూ దింపి, బయట ఎండలో ఏసీ వేసుకుని కూర్చునేది. మే 3న మొదలై 7న అయిపోయింది. మే 10 నుంచి కువైట్ అంతటా పూర్తి కర్ఫ్యూ, నెలాఖరు దాకా. పాత పద్ధతిలో అయితే ఆమెకు అయిదు అయ్యేవి, పది తప్పేవి.

జూన్‌లో నాకే కరోనా వచ్చింది. సాల్మియాలోని గదిలో ఒంటరిగా ఉన్నాను. బయట నలభై అయిదు డిగ్రీలు, లోపల చలి జ్వరం. అమ్మ ప్రొద్దుటూరు నుంచి రోజూ ఫోను చేసి ఊపిరి ఎట్లా ఉంది, మాట తెగుతోందా అని చెవి పెట్టి వినేది. మా విభాగంలో అప్పటికే టెక్నీషియన్లు సగం మంది పడ్డారు. యంత్రం ఆగిన ప్రతిసారీ ఎవరికి ముందు పెట్టాలి, ఎవర్ని రెండు రోజులు ఆపొచ్చు అన్నది తేల్చాలి. గొంతు, గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్ల వాళ్ళు ఆగకూడదు. ప్రోస్టేట్ వాళ్ళు కాస్త ఆగినా పర్వాలేదు. ఆ జాబితా మంచం మీద నుంచే తయారుచేసి పంపేవాణ్ణి. జ్వరంలో ఒక్కో అంకె మూడుసార్లు సరిచూసుకునేవాణ్ణి.

ఇవన్నీ రాయగలుగుతున్నాను. రాయడం కష్టమైనది ఒకటి ఉంది.

నంద్యాల వైపు నుంచి వచ్చిన ఒకామె. నలభై అయిదేళ్ళు ఉంటాయి. ఏ ఇంటికి వీసా మీద వచ్చిందో ఆ ఇంటి నుంచి ఎప్పుడో బయటికొచ్చేసింది. ఇకామా (నివాస అనుమతి) లేదు. ఆసుపత్రికొస్తే పట్టుకుంటారన్న భయంతో రక్తస్రావాన్ని నెలల తరబడి దాచుకుంది. ఫిబ్రవరిలో తెలిసినవాళ్ళు తీసుకొచ్చారు. గర్భాశయ ముఖద్వారం క్యాన్సర్, రెండో దశ. నయమయ్యే జబ్బు. కాగితాలు లేనిదే ఇక్కడ చికిత్స మొదలుకాదు. ఏప్రిల్‌లో ప్రభుత్వం క్షమాభిక్ష ప్రకటించింది. ఇకామా లేనివాళ్ళు జరిమానా లేకుండా తమ దేశానికి పోవచ్చు. ఊరికెళ్ళి వైద్యం చేయించుకుంటానంది. నేనూ అదే మంచిదన్నాను, ఇంకో దారి లేదు. బయాప్సీ రిపోర్టు, స్కాను, ఏ చికిత్స ఎన్ని రోజుల్లో ముగించాలో రాసిన కాగితం కవర్లో పెట్టి ఇచ్చాను. ఎనిమిది వారాల లోపల అంతా ముగించాలి అన్న వాక్యం కింద గీత గీశాను.

పేరు రాయించుకుని శిబిరానికి వెళ్ళింది. విమానాలు లేవు. మే 9న కువైట్ నుంచి హైదరాబాదుకు, చిక్కుకున్నవాళ్ళను తీసుకెళ్ళే వందేభారత్ విమానం ఒకటి పోయింది, క్షమాభిక్ష వాళ్ళ వంతు అప్పుడు రాలేదు. ఎండలో, శిబిరంలో, రక్తం పోతూనే, మే చివరి దాకా ఉంది. తర్వాత విమానం, క్వారంటైను, ఊరు, లాక్‌డౌన్. జూలైలో ఆమె కూతురు రిపోర్టు ఫోటో తీసి నాకు పంపింది. "అన్నా, దీంట్లో ఏముందో చెప్పు" అంది. గడ్డ కటి గోడ దాకా పాకింది. మూత్రనాళాలు మూసుకుని రెండు కిడ్నీలూ వాచిపోయాయి. రెండో దశ మూడో దశ అయిపోయింది. ఆ ఏడాది చివర్లో ఆమె చనిపోయింది.

నేను ఏళ్ళ తరబడి కట్టిన నమూనాలన్నీ యంత్రం బల్ల మీద పడుకున్నవాళ్ళ అంకెలతో కట్టినవి. మొదటి సిట్టింగు ఉన్నవాళ్ళకే తప్పిన సిట్టింగుల లెక్క. ఆమెకు మొదటిదే లేదు. బయాప్సీ నుంచి మొదటి సిట్టింగు దాకా గడిచే రోజులను, ఆ రోజులు ఎక్కడెక్కడ పోతున్నాయో, 2020 తర్వాత నా పనిలో ప్రధానంగా తీసుకున్నాను. ఇకామా, కఫీల్ (వీసా ఇచ్చిన యజమాని) సంతకం, టికెట్టు, సెలవు, ఇవన్నీ ఇప్పుడు నా సమీకరణాల్లో ఉన్నాయి. గడ్డ పెరుగుదలను లెక్కగట్టే మనిషి వీటిని వదిలేస్తే ఆ లెక్క పనివాడి లెక్క కాదు, సాఫీగా బతికేవాడి లెక్క.

గల్ఫ్‌లో ఉన్న మనవాళ్ళకు, వాళ్ళ ఇళ్ళలోవాళ్ళకు నేను అడిగేది ఇంతే. గొంతు బొంగురు మూడు వారాలు తగ్గకపోయినా, నెలసరి కాని రోజుల్లో రక్తం కనపడినా కాగితాల భయంతో దాచకండి. కాగితాలు లేకపోతే వెంటనే ఎంబసీని కలవండి. కరెంటు మొదలయ్యాక పండగకో, పనికో, నొప్పి తగ్గిందనో ఒక్క సిట్టింగు కూడా మానకండి. మానాల్సి వస్తే ఆ రోజే డాక్టరుకు ఫోను చేయండి, వారం తర్వాత కాదు. మధ్యలో ఊరికి పోవాల్సి వస్తే ఎన్ని సిట్టింగులు అయ్యాయి, రోజుకెంత మోతాదు, ఆఖరిది ఏ తేదీన అన్నది రాయించుకుని, ప్లాను సీడీతో సహా వెంట తీసుకెళ్ళండి. ఆ కాగితం ఉంటే కర్నూల్లోనైనా, తిరుపతిలోనైనా, హైదరాబాదులోనైనా డాక్టరు మిగతాది త్వరగా మొదలుపెట్టగలడు.